అమ్మ దాచుకున్న కుట్టు, అల్లికల పుస్తకాలు: ఏవి స్కాన్ చేయాలి, ఏవి ఎవరికి ఇవ్వాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. విజయవాడ సత్యనారాయణపురంలో అమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆవిడ నలభై ఏళ్లు దాచుకున్న కుట్టుపని, అల్లికల పుస్తకాలు నాలుగు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. తెలుగు మహిళా పత్రికలు, ఇంగ్లీషు ఊలు అల్లికల సంచికలు, ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన బుర్దా పత్రికలు, దారాల కంపెనీల కరపత్రాలు, ఆవిడ చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు. మీరుండేది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అన్నీ స్కాన్ చేసి కాగితాలు వదిలించుకోవాలా, మొత్తం లైబ్రరీకి ఇచ్చేయాలా, స్కాన్ చేసినవి నెట్‌లో పెట్టొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అన్నీ స్కాన్ చేయకండి. అన్నీ ఒకే చోట ఇవ్వకండి. అమ్మగారి చేతిరాత ఉన్నవీ, విడిగా మడతపెట్టి ఉన్న ప్యాటర్న్ షీట్లూ (బట్ట కత్తిరించే గీతలున్న కాగితాలు) ముందు స్కాన్ చేయండి. వాటి అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. అచ్చు పత్రికల్లో ఆవిడ గుర్తు పెట్టుకున్న పేజీలు స్కాన్ చేస్తే చాలు. తర్వాత ఆ పత్రికలు, వాటిని నిజంగా తెరిచి కుట్టుకునేవాళ్లకి చిన్న చిన్న కట్టలుగా వెళ్లాలి. నెట్‌లో పెట్టే విషయంలో అచ్చు పత్రికలు చాలా వరకు కుదరవు. అమ్మగారు సొంతంగా గీసినవి మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. ఎందుకో కింద చెబుతాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో ముప్పై రెండేళ్లుగా కుట్టు, ఎంబ్రాయిడరీ నేర్పుతున్నాను. పన్నెండేళ్ల కిందట మా గురువుగారు పోయినప్పుడు ఆవిడ పుస్తకాలు నా దగ్గరికి వచ్చాయి. అప్పటి నుంచి ఎవరింట్లో పెద్దావిడ పోయినా "మీకేమైనా పనికొస్తాయేమో చూడండి" అని కబురు పెడుతున్నారు. ఇప్పటికి పదిహేడు ఇళ్ల పెట్టెలు తెరిచాను. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

"అన్నీ వద్దు" అన్నది బద్ధకంతో కాదు, లెక్క చూసే. మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ (గాజు పలక మీద కాగితం బోర్లించి మూత వేసేది) మీద 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఒక స్కాన్ అర నిమిషం పడుతుంది. పేజీ తిప్పడం, సరిచేసి పెట్టడం, మూత వేసి పట్టుకోవడం, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం కలిపితే నిమిషం పైనే. రెండు పేజీలు కలిపి ఒక్కసారి తీసినా 64 పేజీల సంచికకి 32 స్కాన్లు, అంటే నలభై నిమిషాలు. మీ నాలుగు పెట్టెల్లో నాలుగు వందల సంచికలు ఉంటాయనుకుందాం. 266 గంటలు. రోజుకో గంట కూర్చున్నా తొమ్మిది నెలలు. ఇల్లు ఖాళీ చేయడానికి మీకు రెండు నెలలే ఉందన్నారు. అన్నీ స్కాన్ చేద్దామని మొదలుపెట్టినవాళ్లు పైపెట్టె సగం అయ్యేసరికి విసిగిపోతారు. అసలైనవేమో ఎప్పుడూ అడుగుపెట్టెలోనే ఉంటాయి. ఆ అడుగుపెట్టె స్కాన్ కాకుండానే పాత పేపర్ల బండి ఎక్కడం నా కళ్లతో చూశాను.

అందుకని నాలుగూ ఒకేసారి తెరిచి, నేల మీద పాత దుప్పటి పరిచి, ముందు విడదీయండి. స్కానర్ ముట్టుకోవద్దు. రెండు ఆదివారాలు దీనికే పెట్టుకోండి.

మొదటి కుప్ప: ప్రపంచంలో ఇంకెక్కడా దొరకనివి. నోటు పుస్తకాలు, గ్రాఫు కాగితాల మీద వేసుకున్న లేసు బొమ్మలు, బ్లౌజుల కొలతల చిట్టాలు, ట్రేసింగ్ పేపర్లు. ట్రేసింగ్ పేపర్ని దీపం ముందు పట్టుకుని చూడండి. గీత వెంట సన్న చిల్లులు కనిపిస్తే అది గుడ్డ మీదకి దించిన డిజైను. సూదితో పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్ది అచ్చు తీసేవాళ్లు, మగ్గం పనివాళ్లు ఇప్పటికీ అలాగే తీస్తారు. చిల్లులు ఉన్న కాగితం మాసిపోయి, నీలం మరకలు పడి చెత్తలా ఉంటుంది. దాన్నే అందరూ మొదట పారేస్తారు. పారేయకండి. ఆ చిల్లులు ఉన్నాయంటే ఆ డిజైను గుడ్డ మీద కుదిరిందని, ఆవిడ చేతులు దాన్ని పరీక్ష చేశాయని అర్థం.

మా గురువుగారి నోటు పుస్తకం ఒకటి ఇప్పుడు నా పక్కనే ఉంది. రూళ్ల లాంగ్ నోట్‌బుక్కు. ఒక పేజీలో గొలుసు కుట్టుతో వేసే మామిడి పిందె అంచు, పెన్సిలుతో గీసింది. పక్కన నాలుగు రంగుల దారం ముక్కలు, ఒక్కోటి గోరంత పొడవు, చిన్న టాకాలతో కాగితానికే కుట్టేసి ఉన్నాయి. ఒక్కోదాని కింద దారం నంబరు. కింద బాల్‌పెన్నుతో "పెద్దదాని ఓణీకి వేశాను. ఆకుపచ్చ ఉతికితే రంగు పోయింది, వాడొద్దు" అని రాసుంది. ఆ డిజైనుకి దగ్గరదే అప్పటి ఒక పత్రికలో అచ్చయింది. కానీ ఏ పత్రికలోనూ ఆ ఆకుపచ్చ గురించి రాయలేదు.

పత్రికల మార్జిన్లలో రాతలు ఉన్నా ఆ పేజీ ఈ కుప్పలోకే వస్తుంది. అలాగే ప్యాటర్న్ షీట్లు. పత్రిక మధ్యలో మడతపెట్టి పెట్టిన పెద్ద కాగితాలు ఇవి. పాత వారపత్రికలూ మాసపత్రికలూ లైబ్రరీల్లో బైండు చేసి దొరుకుతాయి. కానీ ఆ బైండ్లలో ఈ విడి షీటు ఎప్పుడో జారిపోయి ఉంటుంది, లేకపోతే ఎవరో తీసుకుపోయి ఉంటారు. నేను చూసిన బైండు సంపుటాల్లో షీటు ఉన్నది చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ ఇంట్లో అది పత్రికలోనే ఉంటే అదృష్టమే.

బుర్దా పత్రికల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది జర్మనీలో 1950లో మొదలైంది, 1952 నుంచి ప్యాటర్న్లతో కలిపి వస్తోంది. ఒకే షీటు మీద పది పదిహేను దుస్తుల గీతలు ఒకదాని మీద ఒకటి వేసి ఉంటాయి, చూస్తే రైల్వే పటాల్లా. ఏ గీత ఏ డ్రస్సుదో పత్రిక లోపలి సూచనల పేజీ చూస్తే తప్ప తెలియదు. షీటునీ పత్రికనీ విడదీస్తే రెండూ పనికిరావు. ఇంకో మాట, వాటిలో కుట్టుకి వదిలే అంచు కలిపి ఉండదు. మన పాత తెలుగు పత్రికల్లో కొందరు కలిపి ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. స్కాన్ చేసిన ఫైలు పేరులోనే "అంచు కలపలేదు" అని రాసి పెట్టండి. లేకపోతే పదేళ్ల తర్వాత ఎవరో అమ్మాయి అంచు వదలకుండా కత్తిరించి గుడ్డ పాడు చేసుకుంటుంది.

రెండో కుప్ప: ఆవిడ గుర్తు పెట్టుకున్న అచ్చు పేజీలు. మడత పెట్టిన మూలలు, మధ్యలో పెట్టిన ఊలు పోగు, పిన్ను గుచ్చిన చోట, నూనె చేతి మరక. కళ్లతో వెతక్కండి. పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి వదిలేయండి, ఎక్కువసార్లు తెరిచిన చోటే అది తెరుచుకుంటుంది. ఇంకో చోట కూడా చూడండి. మన ఇళ్లలో వారపత్రికల సీరియళ్లు చించి నవలగా బైండు చేయించుకునే అలవాటు ఉండేది కదా. మీ అమ్మగారు కూడా చేయించి ఉంటే ఆ బైండ్లలో సీరియల్ పేజీ వెనకవైపు కుట్టుపని శీర్షికలు దాక్కుని ఉంటాయి. మా పిన్ని బైండు చేయించిన ఒక్క సీరియల్ వెనకాలే నాకు పదకొండు లేసు అంచులు దొరికాయి.

మిగతావన్నీ మూడో కుప్ప. అవి ఇచ్చేవి.

ఇక స్కానింగ్. ఫోనుతో తీస్తే చాలదా అని అందరూ అడుగుతారు. చదువుకునే పేజీకి చాలు. కొలత ఉన్న ఏ కాగితానికీ ఫోను పనికిరాదు. నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం ఇది. ఒక క్లాసు పిల్లలకి పాత ప్యాటర్న్ ఒకటి ఫోను యాప్‌తో తీసి, బయట షాపులో ప్రింటు తీయించి పంచాను. యాప్ కాగితం అంచుల్ని తనకు తోచినట్టు లాగి చదరం చేసింది. ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది ఆన్‌లో ఉండిపోయింది. మొత్తం మీద మూడు శాతం తగ్గింది. మూడు శాతమే కదా అనిపిస్తుంది. 36 అంగుళాల ఛాతీ 35 అంగుళాల కిందకి దిగింది. పిల్లలు తొమ్మిదిమంది సిల్కు గుడ్డ మీద కత్తిరించారు. చంక దగ్గర పట్టేసింది, ఒక్కటీ వేసుకోవడానికి వీల్లేకపోయింది. ఆ గుడ్డల డబ్బు నేనే ఇచ్చాను. డబ్బుకన్నా ఒకమ్మాయి వాళ్ల అమ్మ పెళ్లిచీర ముక్క తెచ్చుకుంది, అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకని ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల ఆఫీసులో ప్రింటరుతో కలిసి ఉన్న స్కానర్ అయినా చాలు. కాగితం పక్కన చిన్న ప్లాస్టిక్ స్కేలు పెట్టి, స్కేలుతో సహా స్కాన్ చేయండి. ఎప్పుడు ప్రింటు తీసినా ఆ స్కేలు మీద నిజం టేపు పెట్టి చూస్తే తప్పు వెంటనే పట్టుబడుతుంది. ప్రింటు 100 శాతం సైజులోనే తీయాలి, "ఫిట్ టు పేజ్" ఆపేయాలి.

అక్షరాల పేజీకి 300 డీపీఐ సరిపోతుంది. క్రోషా గుర్తులు, క్రాస్ స్టిచ్ గళ్లు, సన్న గీతల ప్యాటర్న్లకి 600 పెట్టండి. అన్నిటికీ 600 పెట్టొద్దు, ఫైళ్లు మోయలేరు. రంగుల్లో ఏ4 పేజీ కుదించకుండా 300లో 26 ఎంబీ వస్తే, 600లో 100 ఎంబీ దాటుతుంది. మొదటి కుప్పని నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా దాచుకుని, రోజూ చూసుకోవడానికి పీడీఎఫ్ విడిగా చేసుకోండి. రెండో కుప్పకి మంచి నాణ్యత జేపెగ్ చాలు.

అచ్చు ఫొటోలు స్కాన్ చేస్తే గళ్లుగళ్లుగా, అలలు అలలుగా వస్తాయి, కంగారు పడకండి. అచ్చులో బొమ్మ సన్న చుక్కలతో ఏర్పడుతుంది కాబట్టి అలా వస్తుంది. స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే పోతుంది. కానీ గ్రాఫు చార్టులకి మాత్రం అది ఆపేయాలి. ఆన్‌లో ఉంటే గళ్లలోని గుర్తులు అలుక్కుపోయి, కత్తెర గుర్తుకీ చుక్కకీ తేడా తెలియదు.

పెద్ద షీట్లకి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంట్లోనే ముక్కలు ముక్కలుగా, పక్క ముక్క రెండు అంగుళాలు కలిసేలా స్కాన్ చేసి కంప్యూటర్లో అతకడం. రెండోది సులువు. ఇంటి ప్లాన్లు జిరాక్స్ తీసే షాపుల్లో ఏ0 సైజు స్కానర్ ఉంటుంది. ఏ0 అంటే 841 మిల్లీమీటర్లు వెడల్పు, 1189 పొడవు, ఏ ప్యాటర్న్ షీటైనా పట్టేస్తుంది. కానీ ఆ మిషన్ కాగితాన్ని రోలర్ల మధ్య నుంచి లాక్కుంటుంది. పాత షీటు మడతల దగ్గర అప్పడంలా విరుగుతుంది. పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి పంపమని చెప్పండి, షాపువాళ్లు వినకపోతే ఇంకో షాపుకి వెళ్లండి. వెళ్లే ముందు రోజు రాత్రి షీటు మడతలు విప్పి, బల్ల మీద పరిచి, పైన బరువు పెట్టి ఉంచండి. ఇస్త్రీ చేయకండి. ఒకావిడ చేసింది, కాగితం గోధుమ రంగుకి తిరిగింది.

పత్రికల స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి ఉంటే వేలిగోరుతో లాగకండి, లోపలి వైపు కాళ్లు సన్న స్క్రూడ్రైవరుతో నిలబెట్టి మెల్లగా తీయండి. తీసిన పేజీలని తెల్ల దారంతో మళ్లీ కుట్టుకోవచ్చు, కుట్టు తెలిసిన ఇల్లే కదా. చిరిగిన చోట సెల్లో టేపు మాత్రం వేయొద్దు. కొన్నేళ్లకి అది పచ్చబడి, జిగురు కాగితంలోకి ఇంకి, అక్షరాన్ని తినేస్తుంది.

మీరు అడగలేదు కానీ విజయవాడ కాబట్టి తడిసిన పుస్తకాల సంగతి కూడా చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పాత విద్యార్థిని ఇల్లు నీళ్లలో ఉండిపోయింది. మంచం కింద రెండు పెట్టెల పత్రికలు. నీళ్లు తీశాక ఫోను చేసి ఏడ్చింది. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయిన పాత తెలుగు పత్రికలు బాగానే బతికాయి. నీళ్లు పిండినట్టు తీసి, ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి మారుస్తూ ఆరబెడితే వంకర్లు పోయాయి కానీ చదవడానికి వచ్చాయి. నున్నటి ఆర్ట్ పేపరు పత్రికలే పోయాయి. ఆ నునుపు కోసం కాగితం మీద సన్నటి మట్టి పూత వేస్తారు, తడిసి ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకైపోతుంది. ఆర్ట్ పేపరు తడిసిందంటే ఆరకముందే విడదీయాలి. అప్పుడు కుదరకపోతే పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టేయాలి. పటమటలో వాళ్ల బావగారి ఐస్‌క్రీం షాపు ఫ్రీజర్లో ఇరవై సంచికలు పెట్టించాం. వారానికి రెండు చొప్పున బయటికి తీసి, కరుగుతుండగానే పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది ఆ అమ్మాయి. పదహారు దక్కాయి. ఆ ఇంటి నోటు పుస్తకాల్లో పెన్సిలు రాత చెక్కుచెదరలేదు, బాల్‌పెన్ను రాత నిలబడింది, సిరా పెన్నుతో రాసిన పేజీలు నీలం నీళ్లయిపోయాయి. మీ అమ్మగారు సిరాతో రాసి ఉంటే ఆ పుస్తకాలే అన్నిటికన్నా ముందు స్కాన్ చేయండి.

స్కాన్ చేసినవాటికి పేర్లు పెట్టడంలో అందరూ బద్ధకిస్తారు. "స్కాన్ 0047" అని ఉన్న ఫైలు ట్రంకు పెట్టె అడుగున ఉన్న కాగితంతో సమానం, ఎవరూ తెరవరు. సంవత్సరం, నెల, ఏ పని, దేనికి, పేజీ. "1978-03 క్రోషా పసిపిల్లల టోపీ పే14" అని రాస్తే పదేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. అచ్చు తెలుగుని గూగుల్ డ్రైవ్ అక్షరాలుగా మార్చి ఇస్తుంది, వెతుక్కోవడానికి పనికొస్తుంది. చేతిరాతని మాత్రం నమ్మి వదలకండి, మీరే కూర్చుని టైపు చేయండి. అమ్మగారి తోడబుట్టినవాళ్లు ఉంటే ఆ పని వాళ్లతో కలిసి చేయండి. "పెద్దదాని ఓణీ" అంటే ఏ పెద్దదో వాళ్లకే తెలుస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో ఒక్క కాపీ పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి. 2009లో నేను సీడీల్లో రాసుకున్నవి కొన్నేళ్ల తర్వాత తెరిస్తే సగం తెరుచుకోలేదు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న మీ అన్నయ్య దగ్గరో, క్లౌడ్‌లోనో. మూడు చోట్ల ఉంటే టెన్షన్ లేదు.

నెట్‌లో పెట్టడం గురించి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవాళ్లు, గీసినవాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు వాళ్ల వారసులదే. ఎవరు గీశారో పేరు లేకుండా అచ్చయినదానికి అచ్చయిన ఏడాది దాటాక 60 ఏళ్లు. అంటే పేరు లేకుండా 1960లో అచ్చయిన అంచు డిజైను 2020 చివరితో అందరిదీ అయింది. అదే 1985లో వచ్చినదైతే 2045 దాకా ఆగాలి. పత్రిక మూతపడితే హక్కు కూడా పోయిందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మీరు సొంతానికి స్కాన్ చేసుకుని చూసుకుని కుట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం డిజిటల్ కాపీ చేసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. కానీ 1980ల పత్రికని పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రాంలో పంచడం సరికాదు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, నాకు తెలుసు. ఆ డిజైన్లు గీసిన ఆడవాళ్లలో చాలామందికి అప్పట్లోనే సరైన డబ్బు రాలేదు, ఇప్పుడు పేరు కూడా లేకుండా తిప్పడం నాకు మనసొప్పదు.

మామిడి పిందె, తామర, చిలక, మెలిక ముగ్గు ఎవరి సొత్తూ కావు. వాటిని ఒకరు గీసిన ఆ ఒక్క బొమ్మ మాత్రం గీసినవారిదే. మీ అమ్మగారు సొంతంగా గీసినవాటి హక్కు ఇప్పుడు మీది, మీ తోడబుట్టినవాళ్లది. అందరూ సరేనంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనో, వికీమీడియా కామన్స్‌లోనో ఆవిడ పేరుతో, ఊరితో, సంవత్సరంతో పెట్టేయండి. ఎవరైనా దించుకుని కుట్టుకోవచ్చని స్పష్టంగా రాయండి. ఒక్క జాగ్రత్త. నోటు పుస్తకంలో ఉన్నవన్నీ ఆవిడ గీసినవే కాకపోవచ్చు, పత్రికలోంచి దించుకున్నవి కూడా ఉంటాయి. అనుమానం ఉన్నవి పక్కన పెట్టండి. కొలతల చిట్టాల్లో ఊళ్లోవాళ్ల పేర్లుంటే అవి కూడా కప్పేయండి.

ఇక ఇవ్వడం. తెలిసిన ఇల్లొకటి, తల్లి పత్రికలు రెండు వందల చిల్లర ఒక లైబ్రరీకి ఆటోలో వేసి దింపి వచ్చారు. తీసుకున్నవాళ్లు మర్యాదగానే తీసుకున్నారు. ఏడాది తర్వాత నేను వేరే పని మీద వెళితే అవి మెట్ల కింద, కట్టిన తాళ్లు కూడా విప్పకుండా ఉన్నాయి. గోడ వైపు నుంచి చెద ఎక్కింది. పై కట్ట లేపితే కింద మట్టి తప్ప ఏమీ లేదు. లైబ్రరీల్లో మనుషులు తక్కువ, చోటు తక్కువ. అడగకుండా తెచ్చి పడేసిన నాలుగు పెట్టెలు వాళ్లకి బరువే.

అందుకని ముందు జాబితా రాయండి. పత్రిక పేరు, ఏ ఏళ్లు, ఎన్ని సంచికలు, షీట్లు ఉన్నాయా లేదా. ఫొటోలతో పంపి, వాళ్లు ఏవి అడిగితే అవే ఇవ్వండి. 1960కి ముందు తెలుగు పత్రికలు ఉంటే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయాన్నీ, వేటపాలెం సారస్వత నికేతనాన్నీ అడగండి. వేటపాలెంది 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికల సంపుటాలకి పేరున్నది. వాళ్ల సంపుటాల్లో లేని సంచిక మీ దగ్గర ఉంటే ఆ ఒక్కటి ఇవ్వడం నాలుగు పెట్టెలు ఇవ్వడంకన్నా మేలు. మీకు దగ్గర్లో రామమోహన గ్రంథాలయం ఉంది, అది 1911 నాటిది, అక్కడా అడగండి. దుస్తుల కటింగు మీద ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు ఉంటే గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ కాలేజీలో అడిగి చూడండి, వెనకటి హోమ్ సైన్స్ చదువే అది.

1970ల తర్వాతవి లైబ్రరీకన్నా పనిచేసే చేతులకి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. తెనాలిలో మగ్గం వర్కు చేసే మా అమ్మాయికి ఒకసారి ముప్పై సంచికలు ఇచ్చాను. దాంట్లో చిలకల అంచు ఒకటి తీసుకుని, చిలకని తిప్పి, ముక్కు దగ్గర జర్దోసీ పెట్టి పెళ్లి బ్లౌజుకి వేసింది. తర్వాత పత్రిక తిరిగి తెచ్చి చూపించింది, పేజీ అంతా సూది చిల్లులు. నాకు ఎంత సంతోషం వేసిందో. మీ చుట్టుపక్కల టైలరింగు నేర్పే వాళ్లున్నారా, డ్వాక్రా సంఘాల్లో కుట్టు శిక్షణ నడుస్తోందా చూడండి. ఒక్కొక్కరికి పదిహేను ఇరవై మించి ఇవ్వకండి. పని వారీగా కట్టండి, ఊలు ఒక కట్ట, లేసు ఒక కట్ట, పసిపిల్లల బట్టలు ఒక కట్ట. అన్నీ కలిపి ఇస్తే కావలసింది దొరక్క ఎవరూ చూడరు. క్రోషా పుస్తకాలకి నరసాపురం వైపు లేసు అల్లేవాళ్లు తెలిసినవాళ్లుంటే ఇంకా మంచిది.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులవాళ్లు కూడా కొన్ని తీసుకుంటారు. డబ్బు ఎక్కువ రాదు, కానీ అక్కడికి వచ్చి ఏరుకునేవాళ్లు పుస్తకం విలువ తెలిసినవాళ్లు. బూజు వాసన గుప్పున కొట్టేవి, పేజీలు పోయి మిగిలినవి, రెండో కాపీలు కిలో లెక్కన పాత పేపర్లకి వేసేయండి, తప్పేమీ లేదు. బూజు పట్టినదాన్ని మంచివాటి మధ్య పెడితే అన్నిటికీ పాకుతుంది. మీరు కూడా ముక్కుకి గుడ్డ కట్టుకుని ముట్టుకోండి.

ఆ ఊలు అల్లికల ఇంగ్లీషు సంచికల్లో స్వెట్టర్లు, పసిపిల్లల సాక్సులు ఉన్నవి మీకు అక్కర్లేదనుకుంటే నాకు పంపండి. మా దగ్గర ఇద్దరమ్మాయిలు ఢిల్లీ వైపు ఆర్డర్లు తీసుకుంటున్నారు, వాళ్లకి ప్యాటర్న్లు చాలడం లేదు. బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేస్తే గుంటూరులో నేను తీసుకుంటాను, ఖర్చు నాది. నోటు పుస్తకాలు మాత్రం ఎంత నమ్మకం ఉన్నా నాకు కూడా పంపకండి. స్కానర్ దొరక్కపోతే ఒక ఆదివారం వాటిని మీరే తీసుకుని రండి, నా స్కానర్ మీద ఇద్దరం కూర్చుని తీద్దాం. రెండు వందల పేజీల పుస్తకమైనా సాయంత్రానికి అయిపోతుంది.